ఇంప్లాంట్‌ను మన రోగనిరోధక వ్యవస్థ ఎలా చూస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

తుంటి కీలు, పేస్‌మేకర్, స్టెంట్, కంటి లెన్స్, పంటి ఇంప్లాంట్... వస్తువు ఏదైనా, పెట్టించుకునేవారికీ వారి ఇంటివారికీ వచ్చే సందేహాలు దాదాపు అవే. శరీరంలోంచి తీసిన ఇంప్లాంట్ల చుట్టూ ఉండే కణజాలాన్ని మైక్రోస్కోపు కింద పరీక్షించడం నా పని. అక్కడ రోజూ నాకు కనిపించేది ఒకటి, బయట చాలామంది నమ్మేది మరొకటి. శరీరం ఇంప్లాంట్‌ను "ఒప్పుకుంటుంది" లేదా "ఒప్పుకోదు" అని రెండే మాటల్లో తేల్చేస్తారు. నిజానికి శరీరం పట్టించుకోని ఇంప్లాంట్ అంటూ లేదు. అది ఎలా స్పందిస్తోంది, ఆ స్పందన ఇంప్లాంట్ చేయవలసిన పనికి అడ్డొస్తోందా అన్నదే అసలు సంగతి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. మీ ఒంటి సంగతి మాత్రం మీకు చికిత్స చేస్తున్న వైద్యుడే చెప్పాలి.

## ఆపరేషన్‌కు ముందు

కిడ్నీ మార్పిడిలో జరిగినట్టు ఇంప్లాంట్‌ను కూడా శరీరం తిరస్కరిస్తుందా?

అలా జరగదు. వేరొకరి కిడ్నీ కణాల మీద వారి గుర్తింపు చీటీల్లాంటి హెచ్ఎల్ఏ ప్రొటీన్లు ఉంటాయి. మన రక్షణ కణాల్లో ఒక రకమైన టి కణాలు వాటిని చూసి "ఇవి మనవి కావు" అని గుర్తుపట్టి దాడికి దిగుతాయి. అందుకే కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు జీవితాంతం ఇమ్యూనిటీని అణచే మందులు వాడాలి. టైటానియంలో, సిలికోన్‌లో కణాలూ ఉండవు, హెచ్ఎల్ఏ గుర్తులూ ఉండవు. వాటికి ఎదురయ్యేది వేరే దళం: పుట్టుకతోనే మనలో ఉండే తెల్లరక్తకణాలైన న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు. కాలికి ముల్లు గుచ్చుకున్నప్పుడు అక్కడికి చేరేవి కూడా ఇవే. ఇంప్లాంట్ పెట్టించుకున్నందుకు ఇమ్యూనిటీని అణచే మందులు వాడవలసిన పని లేదు.

"శరీరానికి పూర్తిగా సరిపడే పదార్థం" అంటున్నారు. అంటే ఏ స్పందనా ఉండదనేనా?

ఆ మాటలోని "పూర్తిగా" అన్న పదాన్ని పక్కన పెట్టండి. జీవ అనుకూలతకు ఈ రంగంలో ఎక్కువగా వాడే నిర్వచనాన్ని శాస్త్రవేత్త డేవిడ్ విలియమ్స్ 1987లో ప్రచురించారు. ఫలానా పనికి వాడినప్పుడు, ఆ పనికి తగిన స్పందనను శరీరం నుంచి రాబట్టుకుంటూ పదార్థం పనిచేయగలగడమే అనుకూలత అని దాని సారాంశం. స్పందన ఉండకూడదని అందులో ఎక్కడా లేదు. ఒక పదార్థం అనుకూలమా కాదా అన్నది దాన్ని ఎక్కడ, ఏ రూపంలో, ఏ పనికి వాడుతున్నామన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఎముకలో చక్కగా ఇమిడిపోయిన పదార్థమే రక్తనాళంలో గడ్డలు కట్టించవచ్చు.

శరీరం సహించే పదార్థాలను మొదట ఎలా కనిపెట్టారు?

రెండు ముఖ్యమైన సందర్భాల్లో, వెతుకుతున్నది ఒకటైతే కంటపడింది మరొకటి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ యుద్ధ విమానాల్లో పైలట్ తల మీది ప్లాస్టిక్ కప్పు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలోకి దూసుకుపోయేవి. అవి కంటిలో ఉండిపోయినా పెద్దగా వాపు రాకపోవడాన్ని కంటి సర్జన్ హెరాల్డ్ రిడ్లీ గమనించారు. ఆ ప్లాస్టిక్ రకంతోనే లెన్స్ చేయించి, 1949లో లండన్‌లో శుక్లాల ఆపరేషన్ చేసిన కంటిలో అమర్చారు. స్వీడన్‌లో పరిశోధకుడు పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950లలో కుందేలు ఎముకలో రక్తప్రసారాన్ని చూడటానికి చిన్న టైటానియం పరికరాలు బిగించారు. ప్రయోగం అయ్యాక తీయబోతే అవి ఎముకను అంటుకుపోయి ఊడిరాలేదు. 1965లో ఆయన మొదటి రోగి దవడలో టైటానియం ఇంప్లాంట్లు పెట్టారు. చేతికి చిక్కిన అడ్డంకిని విసుక్కోకుండా "ఎందుకిలా?" అని ఆగి చూసినందుకు ఈ ఇద్దరంటే నాకు ఎనలేని గౌరవం.

నాకు నికెల్ పడదు. గిల్టు నగ పెట్టుకుంటే దద్దుర్లు వస్తాయి. మెటల్ ఇంప్లాంట్ పెట్టించుకోవచ్చా?

చాలామంది పెట్టించుకోవచ్చు, కానీ సర్జన్‌కు ముందే తప్పకుండా చెప్పండి. లోహం నుంచి వెలువడే నికెల్ అయాన్లు మన ప్రొటీన్లకు అతుక్కుంటాయి. ఆ జంటను టి కణాలు శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. మళ్లీ తగిలితే ఒకటి రెండు రోజులు ఆలస్యంగా స్పందిస్తాయి. సర్జరీలో వాడే స్టెయిన్‌లెస్ స్టీల్‌లో నికెల్ పది శాతానికి పైగా ఉంటుంది. కోబాల్ట్-క్రోమియం మిశ్రమంలో చాలా తక్కువ, టైటానియం మిశ్రమాల్లో దాదాపు ఉండదు. కొన్ని స్టెంట్లకు వాడే నిటినాల్‌లో సగానికి పైగా బరువు నికెల్‌దే. అయితే పైన ఏర్పడే టైటానియం ఆక్సైడ్ పొర దాన్ని బయటికి రాకుండా చాలావరకు ఆపుతుంది. చర్మం మీద ప్యాచ్ పరీక్షలో అలర్జీ తేలినంత మాత్రాన ఇంప్లాంట్ విఫలమవుతుందని చెప్పలేం. చర్మంలో ఉండే రక్షణ కణాలు వేరు, కీలు లోతులో ఉండేవి వేరు. ప్రత్యామ్నాయ లోహం దొరికే చోట దాన్ని ఎంచుకోవడం మాత్రం తెలివైన పనే.

పంది, ఆవు కణజాలంతో చేసిన గుండె కవాటాలు పెడతారు కదా, వాటి మీద దాడి జరగదా?

వాటిని గ్లూటరాల్డిహైడ్‌లో శుద్ధి చేస్తారు. అందులోని కణాలు చచ్చిపోతాయి, ప్రొటీన్లు ఒకదానితో ఒకటి బిగుసుకుంటాయి, పరాయి గుర్తులు చాలావరకు మరుగున పడతాయి. పూర్తిగా మాత్రం పోవు. ఆల్ఫా-గాల్ అనే చక్కెర పందుల్లో, ఆవుల్లో ఉంటుంది, మనుషుల్లో ఉండదు. దాని మీద మనందరిలోనూ యాంటీబాడీలు ఉంటాయి. కాలం గడిచేకొద్దీ ఈ కవాటాల్లో కాల్షియం పేరుకుని గట్టిపడటానికి ఇదీ ఒక కారణమని ఆధారాలున్నాయి. రోగి వయసు ఎంత తక్కువైతే కవాటం అంత త్వరగా పాడవుతుంది. చిన్న వయసువారికి తరచూ యాంత్రిక (మెకానికల్) కవాటాన్ని సూచించడం ఇందుకే.

## మొదటి గంటలు, మొదటి రోజులు

ఇంప్లాంట్ లోపలికి వెళ్లగానే శరీరం చేసే మొదటి పని ఏమిటి?

కొన్ని క్షణాల్లోనే దాని ఒళ్లంతా ప్రొటీన్లు పూసేస్తుంది. ఇంకా ఒక్క కణం కూడా అక్కడికి చేరదు. ముందుగా అల్బుమిన్ లాంటివి వచ్చి అంటుకుంటాయి. ఎందుకంటే రక్తంలో అవే ఎక్కువ, వేగంగా కదిలేవీ అవే. తర్వాత నెమ్మదిగా వచ్చినా గట్టిగా పట్టుకునే, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్ వంటివి వాటిని నెట్టేసి ఆ చోటు ఆక్రమిస్తాయి. రక్తంలో జరిగే ఈ సర్దుబాటును, మొదట గమనించిన లియో వ్రోమన్ పేరు మీద వ్రోమన్ ప్రభావం అంటారు.

నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే ఘట్టం ఇదే. రక్షణ కణాలు వచ్చేసరికి వాటికి తగిలేది టైటానియమో సిలికోనో కాదు, దాని మీద పరుచుకున్న ప్రొటీన్ పొర. ఫైబ్రినోజెన్ రక్తంలో మడత పెట్టి ఉన్నంతసేపు మాక్రోఫేజ్‌లు దాన్ని పట్టించుకోవు. గట్టి ఉపరితలం మీద వాలి విచ్చుకునేసరికి, అంతవరకు లోపల దాగి ఉన్న భాగాలు బయటపడతాయి. కణాల మీది గ్రాహకాలు సరిగ్గా వాటినే పట్టుకుంటాయి. అంటే "ఇక్కడ ఏదో జరిగింది" అన్న కబురు అందించేది మన సొంత ప్రొటీనే. ఇంప్లాంట్ ఉపరితలం నునుపా గరుకా, నీటిని పీల్చుతుందా వదిలేస్తుందా అన్నవి ముందుగా ఈ ప్రొటీన్లు ఎలా వాలాలో నిర్ణయిస్తాయి. మిగతాదంతా దాని వెనకే నడుస్తుంది.

ఆపరేషన్ అయ్యాక వాపు, ఎరుపు, వేడి ఉన్నాయి. ఇంప్లాంట్ పడలేదనా?

మొదటి రోజుల్లో ఇవి గాయం మానడంలో భాగమే. కోత పడిన చోటికి కొద్ది గంటల్లోనే న్యూట్రోఫిల్స్ చేరతాయి. కొన్ని రోజులు పనిచేసి తగ్గిపోతాయి, వాటి స్థానంలోకి మాక్రోఫేజ్‌లు వస్తాయి. రక్తంలో వాపును సూచించే సీఆర్‌పీ అనే ప్రొటీన్ కీళ్ల ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులకు బాగా పెరిగి, సాధారణంగా మూడు వారాలలోపు మామూలు స్థాయికి దిగుతుంది. కాబట్టి ఒక్కసారి చూసిన అంకె కంటే అది దిగుతోందా లేదా అన్నదే ముఖ్యం. తగ్గిన నొప్పి మళ్లీ పెరగడం, జ్వరం, గాయం నుంచి చీము లేదా ఆగకుండా ద్రవం కారడం... ఇవి కనిపిస్తే మర్నాటిదాకా ఆగకుండా వైద్యుడికి చూపించండి.

ఇన్‌ఫెక్షన్ వస్తే యాంటీబయాటిక్ వాడితే సరిపోదా? ఇంప్లాంటే ఎందుకు తీసేయాలంటున్నారు?

ఈ ప్రశ్న అడిగేవారి ఆవేదన నాకు అర్థమవుతుంది. ఒక ఆపరేషన్ నుంచి కోలుకోకముందే ఇంకొకటి అంటే ఎవరికైనా గుండె జారిపోతుంది. కారణం ఇది. బ్యాక్టీరియా గట్టి ఉపరితలం దొరికితే దానికి అంటుకుని, తమ చుట్టూ జిగురు కోట కట్టుకుంటాయి. దీన్నే బయోఫిల్మ్ అంటారు. లోపలున్న వాటిలో చాలా భాగం నిద్రాణంగా ఉంటాయి. పెరుగుతున్న బ్యాక్టీరియాను చంపే మందులు వాటి మీద పెద్దగా పనిచేయవు. న్యూట్రోఫిల్స్ కూడా అంత పెద్ద వస్తువును మింగాలని చూసి, తమ ఆయుధాలన్నీ దాని మీదే ఖర్చు చేసి నీరసించిపోతాయి.

1957లో ఎలెక్, కోనెన్ అనే పరిశోధకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి చర్మం మీద చేసిన ప్రయోగం దీన్ని కళ్లకు కట్టింది. మామూలు చర్మంలో చీము పట్టాలంటే లక్షల సంఖ్యలో స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా కావలసి వచ్చింది. అదే చోట ఒక్క పట్టు దారపు కుట్టు ఉంటే కొన్ని వందలే చాలాయి. దారపు పోగుకే అంత తేడా ఉంటే, అరచేతి పొడవు లోహం సంగతి ఊహించుకోండి. ఆపరేషన్ అయిన కొద్ది వారాల్లోనే ఇన్‌ఫెక్షన్‌ను పట్టుకుంటే, లోపల శుభ్రం చేసి ఇంప్లాంట్‌ను కాపాడే అవకాశం చాలాసార్లు ఉంటుంది. ఆలస్యమైతే ఆ అవకాశం సన్నగిల్లుతుంది.

## వారాలు, నెలలు గడిచాక

మింగలేనంత పెద్ద వస్తువును మాక్రోఫేజ్‌లు ఏం చేస్తాయి?

మాక్రోఫేజ్ పని బ్యాక్టీరియాను, చనిపోయిన కణాలను మింగి అరిగించడం. దాని సైజు మిల్లీమీటర్‌లో యాభయ్యో వంతు అనుకోండి. ఎదురుగా ఉన్నది మోకాలి కీలంత వస్తువు. మింగడం కుదరక, దాని మీద పల్చగా పరుచుకుని ఆమ్లాన్ని, ఎంజైములను, చురుకైన ఆక్సిజన్ అణువులను బయటికే వదులుతుంది. అదీ చాలకపోతే పక్కపక్కన ఉన్నవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే మహాకణంగా మారతాయి. ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే రసాయన సంకేతాలు ఈ కలయికకు ఊతమిస్తాయి.

స్లైడు మీద వీటిని ఒకసారి చూస్తే మరచిపోలేం. లేత గులాబీ రంగులో పరుచుకున్న ఒక పెద్ద మడుగు, అందులో గింజలు చల్లినట్టు పదుల సంఖ్యలో ఊదారంగు కేంద్రకాలు. మడుగు మధ్యలోనో అంచునో, కృత్రిమ కీలు నుంచి అరిగి రాలిన, సూదిమొనంత పాలిథిలీన్ (ఒక ప్లాస్టిక్) ముక్క. మామూలు వెలుగులో అది సరిగ్గా కనపడదు. పోలరైజ్డ్ వెలుగు వేయగానే చీకట్లో మిణుగురులా తెల్లగా మెరుస్తుంది. ఇంప్లాంట్ పెట్టి ఎన్నో ఏళ్లు గడిచినా ఆ కణాలు అక్కడే కావలి కాస్తుంటాయి.

ఇంప్లాంట్ చుట్టూ పొర కట్టిందన్నారు. అది మంచిదా, చెడ్డదా?

అది ఏ ఇంప్లాంట్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. అరిగించలేని వస్తువును శరీరం గోడ కట్టి వేరు చేస్తుంది. మాక్రోఫేజ్‌లు పంపే సంకేతాలకు ఫైబ్రోబ్లాస్ట్ కణాలు వచ్చి కొల్లాజెన్ పోగులు పేరుస్తాయి. కొన్ని వారాల్లో పల్చటి తొడుగు తయారవుతుంది. పేస్‌మేకర్ డబ్బా చుట్టూ ఇది ఉండటం మేలే, డబ్బా కదలకుండా ఉంటుంది. కానీ చర్మం కింద ఉండే గ్లూకోజ్ సెన్సర్‌కు అదే పొర అడ్డుగోడ. రక్తనాళాలు తక్కువగా ఉండే ఆ పొరను దాటి గ్లూకోజ్ అందడం ఆలస్యమవుతుంది, లెక్క తప్పుతుంది. రొమ్ము ఇంప్లాంట్ చుట్టూ పొర మందమై బిగుసుకుంటే ఆకారం మారి నొప్పి పుడుతుంది. ఆ తీవ్రతను బేకర్ పద్ధతిలో నాలుగు మెట్లుగా కొలుస్తారు. మెదడులో అమర్చిన ఎలక్ట్రోడ్ చుట్టూ ఇదే పనిని మైక్రోగ్లియా, ఆస్ట్రోసైట్ కణాలు చేస్తాయి, సంకేతం నెలల్లో బలహీనపడుతుంది. మీగడలా మెత్తగా ఉండే మెదడులో గట్టి సిలికాన్ సూది కదిలినప్పుడల్లా ఒరుసుకోవడం కూడా దీనికి తోడవుతుంది.

టైటానియం ఎముకతో కలిసిపోతుందంటారు. అక్కడ పొర ఎందుకు కట్టదు?

టైటానియం గాలి తగలగానే కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొరను కప్పుకుంటుంది. అది దాదాపు కరగదు కాబట్టి చుట్టుపక్కల కణాలకు చికాకు తక్కువ. ఎముక కట్టే కణాలు దాని దగ్గరదాకా వచ్చి ఖనిజాన్ని పేరుస్తాయి. కదలిక లేకపోవడం అంతే ముఖ్యం. ఇంప్లాంట్ మిల్లీమీటర్‌లో ఆరో ఏడో వంతు కంటే ఎక్కువ కదులుతుంటే ఎముకకు బదులు మెత్తటి మచ్చ కణజాలమే ఏర్పడుతుంది. పంటి ఇంప్లాంట్ పెట్టాక మూడు నుంచి ఆరు నెలలు ఆగి పన్ను బిగించే పద్ధతి అందుకే వచ్చింది. ఎముక అతుక్కోవడం కూడా పరాయి వస్తువును వేరు చేసే పనే, గోడ మాత్రం కొల్లాజెన్‌కు బదులు ఎముకతో కడుతోంది అని ఈ రంగంలో కొందరు పెద్దలు వాదిస్తున్నారు. ఆ వాదన వైపే నేనూ మొగ్గుతాను.

కరిగిపోయే కుట్లు, స్క్రూలు వాడితే ఈ గొడవే ఉండదు కదా?

తగ్గుతుంది, పోదు. పాలిలాక్టిక్ ఆమ్లం లాంటి పాలిమర్లు నీటితో విడిపోయి లాక్టిక్ ఆమ్లంగా మారతాయి. శరీరానికి అది తెలిసిన పదార్థమే. కానీ పెద్ద స్క్రూ ఒకేసారి ముక్కలవుతుంటే ఆమ్లం, పొడి ఒక్కచోట పోగవుతాయి. వాటిని ఎత్తిపోయడానికి మాక్రోఫేజ్‌లు గుమికూడతాయి. అందుకే కొందరికి నెలలు, ఏళ్లు గడిచాక ఆ చోట నొప్పిలేని వాపు వస్తుంది.

స్టెంట్‌కు మందు ఎందుకు పూస్తారు?

స్టెంట్ విప్పుకున్నప్పుడు రక్తనాళం లోపలి గోడ గాయపడుతుంది. ఆ వాపుకు గోడలోని కండర కణాలు పెరిగి దారిని మళ్లీ ఇరుకు చేస్తాయి. సిరోలిమస్ లాంటి మందు ఆ పెరుగుదలను ఆపుతుంది. అయితే అదే మందు, స్టెంట్ తీగల మీద లోపలి పొర పరుచుకోవడాన్ని కూడా ఆలస్యం చేస్తుంది. నగ్నంగా ఉన్న తీగ మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రక్తాన్ని పల్చబరిచే రెండు మందులను కలిపి నెలల తరబడి రాసేది అందుకే. దయచేసి వాటిని సొంతంగా ఆపకండి.

## ఏళ్ల తర్వాత

పదిహేనేళ్లు బాగా పనిచేసిన తుంటి కీలు, ఇన్‌ఫెక్షన్ లేకుండానే ఎందుకు వదులవుతుంది?

అరుగుదల పొడి వల్ల. పెద్ద ముక్కగా ఉన్నప్పుడు శరీరం ఓర్చుకున్న పదార్థమే, పొడి అయ్యేసరికి శత్రువవుతుంది. మైక్రోమీటర్ కంటే చిన్న పాలిథిలీన్ రేణువులను మాక్రోఫేజ్‌లు మింగగలవు, అరిగించలేవు. మింగిన ప్రతి కణమూ టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 వంటి సంకేతాలు వదులుతుంది. అవి ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలను లేపుతాయి. అలా ఇంప్లాంట్ పక్కనున్న ఎముకను మన సొంత కణాలే తినేస్తాయి.

ఈ పాఠాన్ని ఆధునిక తుంటి కీలు మార్పిడికి ఆద్యుడైన జాన్ చార్న్‌లీ చాలా కష్టంగా నేర్చుకున్నారు. 1950ల చివర ఆయన కీలు గిన్నెకు టెఫ్లాన్ వాడారు. జారుడు గుణం చూస్తే దానికి సాటి లేదు. కానీ కొద్ది ఏళ్లలోనే అది అరిగి, ఆ పొడి చుట్టూ గడ్డలు కట్టి, ఎన్నో ఆపరేషన్లు విఫలమయ్యాయి. టెఫ్లాన్ పొడినే తన తొడలోకి ఎక్కించుకుని, అక్కడ గడ్డ కట్టడాన్ని ఆయన స్వయంగా చూసుకున్నారు. 1962 నుంచి అతి ఎక్కువ అణుభారం గల పాలిథిలీన్‌కు మారారు. ఇప్పుడు వాడే, రేడియేషన్‌తో గట్టిపరిచిన పాలిథిలీన్ అరుగుదల పాతదాని కంటే బాగా తక్కువ. నొప్పి లేకపోయినా నియమిత కాలంలో ఎక్స్‌రే తీయించుకోమనేది, ఎముక నిశ్శబ్దంగా కరుగుతుంది కాబట్టే.

లోహం మీద లోహం రాసుకునే కీళ్ల గురించి విన్నాను. నాకు అదే ఉంటే?

కోబాల్ట్, క్రోమియం రేణువులు, అయాన్లు చుట్టూ చేరి కొందరిలో టి కణాల స్పందనను రేపాయి. కణజాలం చచ్చిపోవడం, ద్రవంతో నిండిన గడ్డలు ఏర్పడటం చూశాం. వాటిని సూడోట్యూమర్లు అంటారు, అవి క్యాన్సర్ కాదు. 2010 తర్వాత ఈ రకం కీళ్ల వాడకం బాగా పడిపోయింది. అది పెట్టించుకున్నవారు రక్తంలో ఆ లోహాల స్థాయి, అవసరమైతే ఎంఆర్ఐ విషయం సర్జన్‌ను అడగాలి.

రొమ్ము ఇంప్లాంట్ల వల్ల క్యాన్సర్ వస్తుందన్నది నిజమేనా?

చాలా అరుదుగా, ఒక ప్రత్యేక రకం వస్తుంది. అది రొమ్ము కణాల క్యాన్సర్ కాదు. ఇంప్లాంట్ చుట్టూ ఉన్న పొరలో, ద్రవంలో పుట్టే టి కణాల లింఫోమా అనే క్యాన్సర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 2016లో గుర్తించింది. గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంట్లతోనే ఇది ముడిపడి ఉంది, 2019లో అలాంటి కొన్ని రకాలను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఏళ్ల తర్వాత ఒక వైపు ఉన్నట్టుండి ద్రవం చేరి ఉబ్బడం దీని ముఖ్య లక్షణం. త్వరగా పట్టుకుంటే ఇంప్లాంట్‌నూ దాని పొరనూ పూర్తిగా తీయడంతోనే ఎక్కువమందికి నయమవుతుంది.

ఇంప్లాంట్ ఉన్నంతకాలం నా ఇమ్యూనిటీ తగ్గిపోతుందా?

తగ్గదు. బలహీనత ఉండేది ఆ వస్తువు ఉపరితలం దగ్గర మాత్రమే. టీకాలు మామూలుగానే వేయించుకోవచ్చు.

## పరిశోధనల గురించి, తీసేయవలసి వస్తే

పొర కట్టకుండా చేసే మార్గాలు వచ్చాయా?

కొన్ని ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. పేస్‌మేకర్ తీగ కొసన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను కొద్దికొద్దిగా వదిలే ఏర్పాటు 1980ల నుంచి ఉంది. నెలల తరబడి చర్మం కింద ఉండే గ్లూకోజ్ సెన్సర్‌కూ అదే మందు తోడుంటుంది. మిగతావి ఎక్కువగా జంతువుల మీద ప్రయోగాల దశలో ఉన్నాయి. పదార్థంలో 30 నుంచి 40 మైక్రోమీటర్ల రంధ్రాలు ఒకే సైజులో ఉంటే మచ్చ తగ్గి రక్తనాళాలు లోపలికి పెరుగుతున్నాయి. ఇన్సులిన్ తయారుచేసే కణాలను ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు) గోళాల్లో పెట్టే ప్రయోగాల్లో, 2015లో, ఆశ్చర్యం కలిగించే ఫలితం వచ్చింది: అర మిల్లీమీటర్ గోళాల కంటే ఒకటిన్నర మిల్లీమీటర్ గోళాల చుట్టూ పొర తక్కువగా కట్టింది. చిన్నదైతేనే మేలు అనుకున్న మాకందరికీ అది కొత్త సంగతి. ఎలుకలో నిలిచినది మనిషిలో నిలవదేమో అన్న జాగ్రత్త మాత్రం ఈ వార్తలు చదివేటప్పుడు ఉండాలి.

ఇంప్లాంట్ తీసేస్తున్నారు. నేను ఏమైనా అడగాలా?

అడగండి. తీసిన కణజాలాన్ని పరీక్షకు పంపుతున్నారా అని, ఎన్ని నమూనాలు తీస్తున్నారని. కీలు వదులైనప్పుడు అది అరుగుదల పొడి వల్లా, దాగి ఉన్న ఇన్‌ఫెక్షన్ వల్లా అన్నది పైకి చూస్తే తెలియదు, చికిత్స మాత్రం రెండింటికీ వేరు. మైక్రోస్కోపు కింద న్యూట్రోఫిల్స్ గుంపులుగా ఉంటే ఇన్‌ఫెక్షన్ వైపు, మెరిసే రేణువులను మింగిన మాక్రోఫేజ్‌లే నిండి ఉంటే అరుగుదల వైపు మేము అడుగు వేస్తాం. బ్యాక్టీరియా కల్చర్‌కు, అంటే వాటిని పెంచి చూసే పరీక్షకు, ఒక్క ముక్క చాలదు, వేర్వేరు చోట్ల నుంచి నాలుగైదు కావాలి. ముందే యాంటీబయాటిక్ మొదలుపెడితే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. అందుకే రోగి పరిస్థితి నిలకడగా ఉంటే, నమూనాలు తీసేదాకా ఆ మందును ఆపి ఉంచుతారు.